విదేశీ చదువుకు సాయం: దాతలు ముందుగా చూడవలసిన లెక్క

ఒక తరం కిందట మన ఇళ్ళలో ఫారిన్ అంటే గల్ఫే. కువైట్‌కో, సౌదీకో, దుబాయ్‌కో డ్రైవరుగా, ఏసీ మెకానిక్‌గా, వంటవాడిగా వెళ్ళేవారు. వీసాకూ టికెట్‌కూ అప్పు చేసినా, పని సవ్యంగా దొరికితే నెల తిరగ్గానే జీతం చేతికొచ్చేది. ఆ జీతంలోంచే అప్పు తీరేది, చెల్లెలి నికాహ్ జరిగేది, ఇంటికి శ్లాబు పడేది.

ఇప్పుడు పిల్లలు వెళ్ళే దారి వేరు. 1998లో లకిరెడ్డి బాలిరెడ్డి ఇంజనీరింగ్ కాలేజీ వచ్చాక మైలవరంలో ఉండే బీటెక్ చదివే వీలు కలిగింది. జి.కొండూరు, రెడ్డిగూడెం, తిరువూరు వైపు పిల్లలకూ అది దగ్గరే. నాలుగో సంవత్సరంలోకి రాగానే ఇంట్లో "ఎమ్మెస్" మాట మొదలవుతుంది. అమ్మాయిలు కూడా అడుగుతున్నారు, సంతోషించవలసిన సంగతి. 2024-25లో అమెరికాలో చదువుతున్న భారతీయ విద్యార్థులు 3,63,019 మంది. ఏ దేశమూ అంతమందిని అక్కడికి పంపలేదు. ఆ గుంపులో మన పిల్లలు ఉండకూడదని ఎవరూ అనరు.

చిక్కల్లా ఏమిటంటే, దారి మారినా ఇంట్లో వేసే లెక్క మాత్రం గల్ఫ్ లెక్కే. "ఎలాగోలా విమానం ఎక్కిద్దాం, అక్కడ పార్ట్‌టైమ్ చేసుకుని కట్టుకుంటాడు" అనే మాట దాతల దగ్గరకు వచ్చే ప్రతి తండ్రి నోటా వినబడుతుంది. గల్ఫ్‌కు పోయినవాడు అక్కడినుంచి పంపుతాడు. చదువుకు పోయినవాడికి కనీసం రెండేళ్ళు మనమే ఇక్కడినుంచి పంపాలి. ఈ తేడా తెలియకుండా చేసిన సాయం ఒక్కోసారి ఆ కుటుంబాన్ని ఇంకా లోతు అప్పులోకి దించుతుంది. అందుకే ఈ వ్యాసంలో మాటలకంటే అంకెలు ఎక్కువ ఉంటాయి.

అమెరికా సంగతే చూద్దాం. విద్యార్థికి ఇచ్చేది ఎఫ్-1 వీసా. చదువు నడిచే రోజుల్లో వారానికి 20 గంటలకు మించి పని చేయకూడదు, అదీ విశ్వవిద్యాలయ ఆవరణలోనే. లైబ్రరీలోనో, క్యాంటీన్‌లోనో, ప్రయోగశాలలోనో పని దొరకాలి. దొరుకుతుందన్న హామీ ఎవరూ ఇవ్వరు. సెలవుల్లో మాత్రం పూర్తికాలం చేయవచ్చు. బయట పెట్రోలు బంకులో, హోటల్లో నగదుకు చేసే పని చట్టవిరుద్ధం. పట్టుబడితే చదువు, వీసా రెండూ పోతాయి.

గంటకు 12 డాలర్లు ఇస్తారనుకుందాం. వారానికి 240 డాలర్లు. రెండు సెమిస్టర్లూ కలిపి 32 వారాలకు 7,680 డాలర్లు. ఫీజు, గది, తిండి, బీమా కలిపి ఏడాదికి 30,000 డాలర్లు అవుతుందనుకుంటే ఇంకా 22,320 డాలర్ల లోటు. డాలరు 85 రూపాయల చొప్పున చూసినా దాదాపు 19 లక్షలు. ఇది ఒక్క సంవత్సరానికి, అదీ మొదటి వారం నుంచే పని దొరికిందనుకుంటే. సెలవుల్లో నాలుగు డాలర్లు ఎక్కువ వచ్చినా ఈ గొయ్యి పూడదు. విశ్వవిద్యాలయం పంపే ఐ-20 అనే పత్రం మీద ఏడాది ఖర్చు అచ్చువేసి ఉంటుంది. అర్జీ తెచ్చిన తండ్రిని దాత మొదట అడగవలసింది ఆ కాగితమే. చాలామంది తండ్రులు దాన్ని చూసి కూడా ఉండరు, కొడుకు ఫోనులో ఉంటుంది.

"చదువయ్యాక ఉద్యోగం వస్తుందిగా" అనవచ్చు. రావచ్చు. డిగ్రీ తర్వాత 12 నెలలు ఉద్యోగం చేసుకోనిస్తారు, సైన్సు, ఇంజనీరింగ్ వంటి డిగ్రీలకు మరో 24 నెలలు పొడిగింపు ఉంది. కానీ మొదటి 12 నెలల్లో ఖాళీగా ఉన్న రోజులు మొత్తం 90 దాటకూడదు. ఆ తర్వాత ఉండాలంటే హెచ్-1బీ కావాలి. ఏడాదికి 85,000 మాత్రమే ఇస్తారు, అడిగేవారు అంతకు ఎన్నో రెట్లు, కనుక అది ఎంపికలో తగలాలి. 2025 సెప్టెంబరులో ఆ దేశం బయట ఉన్నవారికోసం వేసే కొత్త దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము ప్రకటించారు. అంటే చదువు ముగించుకుని ఇంటికొచ్చి మళ్ళీ చూసుకుందాం అనుకునేవారికి తలుపు బాగా ఇరుకైపోయింది.

ఈ లెక్క కుదరకే పిల్లలు అడ్డదారి చూస్తారు, ఆ దారిలో కూర్చునేవారు కూర్చునే ఉంటారు. 2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ట్రైవ్యాలీ యూనివర్సిటీ మీద దాడి జరిగింది. విద్యార్థుల్లో అత్యధికులు అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పిల్లలు. రికార్డుల్లో సగానికి పైగా విద్యార్థులకు ఒకే అపార్ట్‌మెంటు చిరునామా! క్లాసులు లేవు, ఫీజు కడితే వీసా నిలబడుతుంది, ఎక్కడైనా పని చేసుకోవచ్చు, అదే వ్యాపారం. కొందరు పిల్లల కాళ్ళకు రేడియో పట్టీలు తగిలించారు. ఆ ఫొటోలు మన పత్రికల్లో చూసిన తల్లిదండ్రులు ఇప్పటికీ మరచిపోలేదు. స్థాపకురాలికి 2014లో 16 ఏళ్ళకు పైగా జైలుశిక్ష పడింది.

ఎనిమిదేళ్ళకు మళ్ళీ అదే కథ. మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ యూనివర్సిటీని దొంగ దళారులను పట్టడానికి అమెరికా ప్రభుత్వ అధికారులే వలగా నడిపారు. 2019 జనవరి చివర 130 మంది విద్యార్థులను అదుపులోకి తీసుకుంటే 129 మంది భారతీయులు. వారిలో తెలుగు పిల్లలే ఎక్కువ. అధికారులు మోసం చేసి పట్టడం న్యాయమా అని అక్కడే చాలామంది ప్రశ్నించారు, ఆ ప్రశ్న సమంజసమే. కానీ మొదటి రోజునుంచే పూర్తికాలం పని చేసుకోవచ్చు, క్లాసుకు రానక్కరలేదు అని చెప్పే విశ్వవిద్యాలయం ఏపాటిదో చేరేముందే తెలియాలి. చేరిన పిల్లలందరూ చెడ్డవాళ్ళని నేననను. చాలామంది ఊళ్ళో పెరుగుతున్న వడ్డీని తలచుకుని చేరినవాళ్ళే.

పని చేసుకుంటూ చదివి పైకొచ్చినవారు లేరా అంటే ఉన్నారు. ఆ కథలో కూడా ఒక దాతృత్వ సంస్థ ఉంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు 1922లో అమెరికా వెళ్ళి హార్వర్డ్‌లో ఉష్ణమండల వ్యాధుల వైద్యం చదివాడు. ఆయన ప్రయాణానికి ఆసరా రెండు: మామగారు పోగుచేసిన డబ్బు, కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ ఇచ్చిన మాట. నాయకర్ రంగూన్‌లో వ్యాపారం చేసి గడించిన మనిషి. పరదేశంలో సంపాదించిన సొమ్ము మరొకణ్ణి పరదేశంలో చదివించడానికి తోడైంది. అది చాలక, సుబ్బారావు బోస్టన్‌లోని ఒక ఆసుపత్రిలో రాత్రిపూట రోగుల బెడ్‌పాన్లు ఎత్తే పని చేశాడు. తర్వాత ఆయన నాయకత్వంలో వచ్చిన మందుల్లో ఒకటి బోదకాలుకు వాడే డైఇథైల్ కార్బమజీన్. కృష్ణా, గోదావరి డెల్టాల్లో ఆ మాత్ర మింగని ఊరు ఉండదు. 1948లో ఆయన చనిపోయాడు. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఆ ధర్మసంస్థ చదువు మొత్తం ఖర్చు మోయలేదు. కదలలేని చోట నిలబడిన మనిషి కదిలేందుకు చేయి అందించింది.

మన స్థాయి సంస్థ కూడా 40 లక్షల ఎమ్మెస్‌ను మోయలేదు. మోస్తామని మాటివ్వకూడదు కూడా. నలభై మంది వితంతువుల రేషను ఆపి ఒక అబ్బాయిని పంపడం ఏ దాతా ఒప్పుకోడు. చిన్న మొత్తం పెద్ద పని చేసే చోట్లు వేరే ఉన్నాయి. బ్యాంకు రుణం చేతికి రాకముందే చెల్లించవలసినవి కొన్ని ఉంటాయి: పరీక్ష ఫీజులు, యూనివర్సిటీ నుంచి తెచ్చుకునే మార్కుల పత్రాలు, దరఖాస్తు రుసుములు, 350 డాలర్ల సెవిస్ ఫీజు, 185 డాలర్ల వీసా ఫీజు. ఈ చివరి రెండే 45 వేల రూపాయలు దాటతాయి. హైదరాబాదు కాన్సులేటుకు వెళ్ళి వచ్చే ఖర్చు దీనికి అదనం. కూలి చేసుకునే ఇంట్లో, ఆటో నడిపే ఇంట్లో మెరిట్ పిల్లలు ఆగిపోయేది ఇక్కడే. ఈ మెట్టు దాటించడానికి ఖర్జె హసనా, అంటే వడ్డీలేని చేబదులు, సరిగ్గా సరిపోతుంది. ఉద్యోగం వచ్చాక తిరిగి కడితే అదే సొమ్ము మరొకరికి వెళుతుంది. జకాత్ సొమ్ము దీనికి వాడవచ్చా లేదా అన్నది ఉలమాలను అడిగి తేల్చుకుని, ఖాతాలు వేరుగా ఉంచుకోవడం మంచిది.

వడ్డీ మాట వచ్చింది కనుక ఒక సంగతి. బ్యాంకు వడ్డీ వద్దనుకుని విద్యారుణం మానేసే కుటుంబాలు ఉన్నాయి. ఆ నియమాన్ని గౌరవించాలి. కానీ అదే కుటుంబం తర్వాత తెలిసినవారి దగ్గర రెండు రూపాయల వడ్డీకి తెస్తే, అది ఏడాదికి నూటికి 24. బ్యాంకులో 11 శాతానికి 30 లక్షలు తీస్తే ఏడాదికి 3 లక్షల 30 వేలు వడ్డీ, బయట తెస్తే 7 లక్షల 20 వేలు. ధర్మనిర్ణయం చెప్పే అర్హత నాకు లేదు, రెండూ వడ్డీలే అని మాత్రం అందరికీ తెలుసు. బ్యాంకులు సాధారణంగా 7.5 లక్షల దాకా తాకట్టు అడగవు. ఆపైన ఇల్లో పొలమో పెట్టాలి. కేంద్రం 2013-14 నుంచి మైనారిటీ విద్యార్థుల విదేశీ రుణాలపై వడ్డీ భరించిన "పఢో పర్‌దేశ్" పథకం 2022-23 నుంచి ఆగిపోయింది. రాష్ట్ర పథకాల పేర్లూ నిబంధనలూ ప్రభుత్వాలతో మారుతున్నాయి. వాటిమీద ఆశపెట్టి సీటుకు డబ్బు కట్టవద్దని చెప్పాలి.

పిల్లలు ఎప్పుడూ అమెరికానే ఎందుకు అడుగుతారో అర్థం చేసుకోవచ్చు, సీనియర్లు అక్కడే ఉన్నారు. కానీ మధ్యతరగతి కంటే కింద ఉన్న ఇంటికి జర్మనీ లెక్క మేలు. అక్కడి ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో ఎక్కువచోట్ల ట్యూషన్ ఫీజు లేదు. ఏడాది బతుకు ఖర్చు 11,904 యూరోలు ముందే బ్లాక్ చేసిన ఖాతాలో చూపాలి. నెలకు 992 చొప్పున విద్యార్థికే తిరిగి ఇస్తారు. యూరో వంద రూపాయలనుకుంటే దాదాపు 12 లక్షలు. ఏడాదికి 140 పూర్తి రోజులు పని చేయనిస్తారు. భాష నేర్చుకోవాలి, మన పిల్లలు అక్కడే వెనక్కు తగ్గుతారు. ఉర్దూ, తెలుగు, ఇంగ్లీషు మూడూ మాట్లాడే పిల్లలకు నాలుగోది అంత కష్టం కాదని నా అభిప్రాయం. కెనడాలో వారానికి 24 గంటలు, బ్రిటన్‌లో 20, ఆస్ట్రేలియాలో రెండు వారాలకు 48 పని పరిమితి. ఎక్కడా పార్ట్‌టైమ్‌తో ఫీజు కట్టే వీలు లేదు.

విజయవాడలో కన్సల్టెన్సీల బోర్డుల మీద "సర్వీసు ఉచితం" అని చూస్తాం. చాలా దేశాల్లో విశ్వవిద్యాలయాలే విద్యార్థికి ఇంత అని వాళ్ళకు కమీషను ఇస్తాయి. అందులో తప్పేమీ లేదు. కానీ కమీషను ఎక్కువ ఇచ్చేది మంచి విశ్వవిద్యాలయం కానవసరం లేదు. ఖాతాలో డబ్బు లేకున్నా నాలుగు రోజులు వేసి బ్యాంకు పత్రం తెప్పిస్తామని ఎవరైనా అంటే మాత్రం, దాత అక్కడితో ఆగిపోవాలి. ఆ అబద్ధం ఇమిగ్రేషన్ కౌంటరు దగ్గర బయటపడితే తిరుగు విమానమే.

వెళ్ళిన తర్వాత కూడా కబురు వస్తుంది. ప్రమాదం జరిగింది, ఆసుపత్రి బిల్లు లక్షల్లో ఉంది, లేదా జనాజా ఇంటికి తేవాలి, చందాలు పంపండని. అలాంటి కబురు వచ్చిన రాత్రి ఎవరూ లెక్కలు అడగరు, అడగకూడదు. ముందే అడిగి ఉంచుకోవలసినవి ఇవి: ఆరోగ్య బీమా ఏది, ఎంతవరకు భరిస్తుంది, అక్కడ పలికే ఫోను నంబరు ఎవరిది, పాస్‌పోర్టు నకలు ఇంట్లో ఉందా. భారత రాయబార కార్యాలయాల దగ్గర కష్టంలో ఉన్నవారి కోసం 2009 నుంచి ఒక సంక్షేమ నిధి ఉంది. అర్హత ఉంటే భౌతికకాయం తరలింపుకూ వాడతారు. ఫిర్యాదులకు విదేశాంగ శాఖ నడిపే పోర్టల్ పేరు మదద్, మనకు అర్థం చెప్పనక్కరలేని మాట. విద్యార్థి అందులో ముందుగానే పేరు నమోదు చేసుకోవచ్చు. చేబదులు కాగితం మీద సంతకం పెట్టించుకునే రోజునే, కార్యాలయంలో కూర్చోబెట్టి, ఆ నమోదు కూడా చేయిస్తే పావుగంట పడుతుంది.