అమెరికా ఉపనగరములో మన కాపురములు

1965 నాటి చట్టము జాతిమూలములను బట్టి విధించిన వలస కోటాలను రద్దు చేసిన పిదప, అమెరికాకు మన కుటుంబముల రాక హెచ్చినది. వారిలో అనేకులు నేడు చికాగో చేరువనున్న నేపర్‌విల్ వంటి ఉపనగరములలో నివసించుచున్నారు.

అచ్చట మనకు మొదట కనిపించు లోటు వీధి చివర కిరాణా కొట్టు. ఇండ్లకొక ప్రాంతము, దుకాణములకొక ప్రాంతము అను జోనింగు విధానమును 1926లో అచ్చటి సుప్రీంకోర్టు సమర్థించినది. కనుక పాలకైనను కారెక్కవలసినదే. పలుచోట్ల కాలిబాటయే ఉండదు. పిల్లలను పసుపుపచ్చని బస్సు తీసికొనిపోవును, భర్త కారులో ఉద్యోగమునకు పోవును. మరి ఇల్లాలు?

హెచ్-4 వీసాపై వెళ్ళిన భార్యకు ఉద్యోగము చేయు హక్కు లేదు. 2015 నుండి, భర్త గ్రీన్‌కార్డు ప్రయత్నము కొంత దశ దాటినచో అనుమతి కోరు వీలు కలిగినది, అంతవరకు నిరీక్షణమే. ఎం.ఎస్సీ. చదివిన స్త్రీ కిటికీ వద్ద కూర్చుండి పిల్లల బస్సుకై ఎదురుచూచుటను మనము సుఖజీవనమనవచ్చునా? (పెండ్లిచూపులలో వరుని జీతము నడుగు మన పెద్దలు ఈ వీసా సంగతి నడుగరు.)

అందుచేత డ్రైవింగు లైసెన్సే ఆమెకు తొలి డిగ్రీ. శుక్రవారపు నమాజుకు, హలాల్ మాంసమునకు, డెవాన్ అవెన్యూలోని సరకులకు దారి అదియే. ఇచ్చట ఎడమప్రక్కన నడిపిన చేయి అచ్చట కుడిప్రక్కకు అలవాటుపడవలెను, అదియు మంచు పేరిన రోడ్డుమీద.