త్రీడీ ప్రింటింగ్‌తో రాకెట్ ఇంజిన్లు

లోహపు దిమ్మను కోసి, తొలిచి భాగాన్ని బయటకు తీయడం పాత పద్ధతి. త్రీడీ ప్రింటింగ్, అంటే అడిటివ్ మాన్యుఫ్యాక్చరింగ్, దీనికి పూర్తిగా తలకిందులు. సన్నని లోహపు పొడిని పొరలుగా పరుస్తూ, కావలసిన చోట మాత్రమే లేజర్‌తో కరిగించి భాగాన్ని కడతారు.

2024 మే 9న ఇస్రో జరిపిన ఇంజిన్ పరీక్షను పోటీ పరీక్షల అభ్యర్థులు తప్పక గుర్తుంచుకోవాలి. పీఎస్ఎల్‌వీ నాలుగో దశలో వాడే పీఎస్4 ఇంజిన్‌ను ఈ విధానంలో తయారుచేసి, తమిళనాడులోని మహేంద్రగిరిలో 665 సెకన్లపాటు మండించారు. 14 విడిభాగాలు ఒకే ముక్కగా మారాయి, 19 వెల్డింగ్ అతుకులు తప్పాయి. 565 కిలోల ముడిలోహం అవసరమైన చోట 13.7 కిలోల పొడి సరిపోయింది. తయారీ సమయం 60 శాతం తగ్గింది. లోహం ఆదా కంటే అతుకులు పోవడమే పెద్ద లాభం అనిపిస్తుంది, ఎందుకంటే ప్రతి అతుకూ విఫలమయ్యే అవకాశమున్న చోటే. ఈ ఇంజిన్ ఇంధనం మోనోమిథైల్ హైడ్రజీన్, ఆక్సీకారిణి నైట్రోజన్ టెట్రాక్సైడ్. ఈ జంటపై ప్రశ్న రావచ్చు.

అదే నెల 30న చెన్నై సంస్థ అగ్నికుల్ శ్రీహరికోట నుంచి ‘అగ్నిబాణ్ సార్టెడ్’ రాకెట్‌ను ప్రయోగించింది. దాని సెమీ క్రయోజెనిక్ ఇంజిన్ ఒకే ముక్కగా ముద్రించినది. హైదరాబాద్‌కు చెందిన స్కైరూట్ 2021 నవంబరులోనే త్రీడీ ముద్రిత క్రయోజెనిక్ ఇంజిన్ ‘ధవన్-1’ను పరీక్షించింది. ద్రవీకృత సహజవాయువు, ద్రవ ఆక్సిజన్‌లతో ఇది పనిచేస్తుంది.

విమానాల్లో ప్రసిద్ధ ఉదాహరణ లీప్ ఇంజిన్ ఇంధన నాజిల్. సుమారు 20 భాగాలు ఒకటిగా మారి, బరువు 25 శాతం తగ్గింది.