బందరు నుండి హంసలదీవి వరకు

కృష్ణా జిల్లా కేంద్రమైన మచిలీపట్నానికి బందరు అని మరొక పేరు. ఒకనాడు ఈ రేవు నుండి కలంకారీ వస్త్రాలు దేశాంతరాలకు తరలివెళ్లేవి. సమీపాన ఉన్న పెడనలో ఆ అద్దకం నేటికీ జీవించి ఉంది. మంగినపూడి తీరంలో ఇసుకకు మారుగా నల్లమట్టి పరచుకొని ఉండటం విశేషం.

వాయవ్య దిశగా సాగితే గుడివాడ వస్తుంది. అక్కడి ప్రాచీన దిబ్బ బౌద్ధయుగాన్ని స్మరింపజేస్తుంది. దక్షిణాన ఘంటసాలలో బౌద్ధస్తూప శిథిలాలున్నాయి. అక్కడి నుండి పులిగడ్డ చేరితే కృష్ణానది రెండు పాయలుగా చీలి దివిసీమను నడుమ నిలుపుకొన్న దృశ్యం కనువిందు చేస్తుంది. ఒక పాయ హంసలదీవి చేరువలో సాగరాన్ని కలుస్తుంది.

సిరులిచ్చిన ఆ సాగరమే ప్రాణాలనూ హరించింది. 1864 నవంబరు 1న వచ్చిన ఉప్పెనలో బందరు ప్రాంతాన సుమారు 30,000 మంది మరణించారు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచెత్తిన ఉప్పెన అధికారిక లెక్కల ప్రకారమే దాదాపు 10,000 మందిని బలిగొన్నది.

తీరాన ఉన్న మడ అడవులు అలల ధాటిని తగ్గిస్తాయి. విహారానికి వెళ్లినవారు వాటి కొమ్మనైనా విరవరాదు. తీరవాసులకు ఆ చెట్లే తొలి రక్షణ.