ఏడాదిలో నాలుగు సార్లు మారే మనసు



మేము ముగ్గురం ఈ వసతి గృహంలోనే చదువుకున్నాం. ఇప్పుడు ఇద్దరం వైద్య విద్యలో, ఒకరం నర్సింగులో ఉన్నాం. వార్షికోత్సవ సంచికకు వ్యాసం రాయమని వార్డెన్ గారు అడగగానే మాకు గుర్తొచ్చింది మా గదిలోని నాలుగో ట్రంకు పెట్టె. అది మాకన్నా ఒక ఏడాది పెద్దవాడైన ఒక అన్నది. ఆయన అనుమతితోనే, పేరు లేకుండా ఈ సంగతి రాస్తున్నాం.

కొన్ని వారాలు ఆయన రాత్రికి రెండు గంటలే నిద్రపోయేవాడు. అయినా అలసట ఉండేది కాదు. ఆగకుండా మాట్లాడేవాడు, దుప్పటి కూడా ఎవరికో ఇచ్చేశాడు. తరువాత కొన్ని వారాలు గోడవైపు తిరిగి పడుకొని, భోజనానికి కూడా లేచేవాడు కాదు. మేము "తిక్క" అని నవ్వుకున్నాం. ఇంటివాళ్ళు తాయెత్తు కట్టించారు. పరీక్షల ముందు మేమే టీ ఇచ్చి రాత్రంతా మేల్కొలిపి కూర్చోబెట్టాం. ఆ ఏడాది ఆయన చదువు పోయింది. తరువాత డాక్టరు గారు "ఈ ఏడాదిలో ఇలా ఎన్నిసార్లు అయింది?" అని అడిగితే లెక్కపెట్టాం. నాలుగు సార్లు!

ఏమిటీ వ్యాధి?

దీని పేరు బైపోలార్ డిజార్డర్. మనసు ఒకసారి మితిమీరిన ఉత్సాహంలోకి (మానియా), మరోసారి లోతైన కుంగుబాటులోకి (డిప్రెషన్) వెళ్తుంది. 12 నెలల్లో నాలుగు లేదా అంతకన్నా ఎక్కువ సార్లు ఇలా జరిగితే దాన్ని రాపిడ్ సైక్లింగ్ అంటారు. 1974లో అమెరికాలో డన్నర్, ఫీవ్ అనే వైద్యులు, లిథియం మందు కొందరికి ఎందుకు సరిగా పనిచేయడం లేదో పరిశీలిస్తూ దీన్ని గుర్తించారు.

పొద్దున నవ్వి సాయంత్రం ఏడిస్తే అది ఈ వ్యాధి కాదు. మానియా సాధారణంగా కనీసం వారం రోజులు, కుంగుబాటు కనీసం రెండు వారాలు ఉంటుంది. కోపం వచ్చిన ప్రతివారికీ ఈ పేరు తగిలించకండి.

ఎవరిలో ఎక్కువగా కనిపిస్తుంది?

1. స్త్రీలలో.
2. చిన్న వయసులోనే వ్యాధి మొదలైనవారిలో, చాలా ఏళ్ళుగా ఉన్నవారిలో.
3. తీవ్రమైన మానియా లేకుండా, తేలికపాటి ఉత్సాహం, కుంగుబాటు వచ్చే రెండో రకం బైపోలార్ ఉన్నవారిలో.
4. బాల్యంలో హింసకు గురైనవారిలో.

ఇవి మనం మార్చలేనివి. వీటిలో రోగి తప్పు ఏమీ లేదు.

మనం జాగ్రత్తపడగలిగినవి

నిద్ర: నిద్ర తప్పడం మానియాను రేపగలదు. మేము టీ ఇచ్చి చేసిన పొరపాటు ఇదే.

మందులు: కుంగుబాటు తగ్గించే మాత్రలను మాత్రమే వాడితే కొందరు మానియాలోకి వెళ్ళవచ్చు. ఈ మాత్రలు మార్పుల వేగాన్ని పెంచుతాయా అన్న దానిపై వైద్యుల్లో చర్చ ఉంది. అందుకే గతంలో అతి ఉత్సాహం వచ్చి ఉంటే డాక్టరుకు తప్పక చెప్పాలి. "బాగయింది కదా" అని మందులు ఒక్కసారిగా ఆపేయడం మరీ ప్రమాదం. లిథియం హఠాత్తుగా ఆపితే వ్యాధి తిరగబెట్టే అవకాశం పెరుగుతుంది.

థైరాయిడ్: థైరాయిడ్ తక్కువగా పనిచేయడానికీ రాపిడ్ సైక్లింగ్‌కూ సంబంధం ఉందని కొన్ని పరిశోధనలు చెప్పాయి, కొన్నింటిలో కనబడలేదు. పైగా లిథియం వల్ల కూడా థైరాయిడ్ తగ్గవచ్చు. కాబట్టి లిథియం వాడేవారు రక్తంలో మందు మోతాదుకూ, థైరాయిడ్‌కూ పరీక్షలు చేయించుకుంటూ ఉండాలి.

మద్యం, గంజాయి: ఇవి వ్యాధిని ముదరబెడతాయి, మందుల పనిని చెడగొడతాయి.

మనమేం చేయాలి?

నిద్ర లేకపోయినా హుషారుగా ఉండి, మాటలూ ఖర్చులూ మితిమీరిన మిత్రుడు కనిపిస్తే నవ్వకండి. తేదీలు ఒక నోటుబుక్కులో రాయండి. ఎప్పుడు ఎక్కువైంది, ఎప్పుడు కుంగింది అన్న ఆ లెక్క డాక్టరుకు ఎంతో ఉపయోగం. వార్డెన్ గారికి చెప్పి, ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్యుల దగ్గరకు తోడు వెళ్ళండి. చనిపోతానని అన్నవారిని ఒంటరిగా వదలకండి. 2022లో మొదలైన టెలి మానస్ నంబరు 14416కు ఉచితంగా, ఏ సమయంలోనైనా, తెలుగులో ఫోన్ చేయవచ్చు.

చాలామందిలో ఈ వేగం శాశ్వతం కాదు, సరైన చికిత్సతో తగ్గుతుంది. మా అన్న మళ్ళీ పరీక్ష రాసి ఉత్తీర్ణుడయ్యాడు. ఇప్పుడు ఉద్యోగం చేస్తూ, రోజూ రాత్రి పదింటికి పడుకుంటున్నాడు, మందు మానలేదు. మాకు తెలియక ఆయన ఒక ఏడాది నష్టపోయాడు. ఈ వ్యాసం చదివిన మీ గదిలో ఇంకెవ్వరికీ అలా జరగకూడదని మా కోరిక.