ముద్ర పాపది, మడత నీది

అమ్మడూ,

ఈసారి సంక్రాంతి కార్డులు మీ ఐదేళ్ల గుంటతో ఇంట్లోనే చేయిస్తానన్నావు. కత్తెర, మడత నీ పని. ముద్రలు, మాటలు దాని పని. ఆ హద్దు దాటితే కార్డు అందంగానే ఉంటుంది కానీ, అది నువ్వు చేసిన కార్డవుతుంది.

ఏ-4 డ్రాయింగ్ కాగితాన్ని రెండుసార్లు సగానికి మడిస్తే మామూలు కవరులో పట్టే కార్డు వస్తుంది. మడతను చెంచా వీపుతో గట్టిగా రుద్దు. ముదురు బెండకాయను తొడిమ దగ్గర అడ్డంగా కొయ్యి. తడి స్పాంజి మీద రంగు పోసి, కాయను అందులో అద్ది, ముందు పాత పేపరు మీద ఒకసారి నొక్కించు. ఎక్కువైన రంగు అక్కడే పోతుంది. తర్వాత కార్డు మీద నువ్వు ముగ్గుకు పెట్టినట్టు పెన్సిలుతో చుక్కలు పెడితే, చుక్కకో పువ్వు పాప అద్దుతుంది. ఒక ముద్ర జారి తోక లాగుతుంది. దిద్దకు.

ఎర్ర చార్టు మీద తెల్లబొమ్మ కావాలంటే సీతంపేట కొండల్లోని సవర గిరిజనుల గోడబొమ్మల సంగతి చెప్పు. ఎర్రమట్టి పూసిన గోడ మీద బియ్యప్పిండితో మనుషుల్ని, చెట్లను, జంతువులను వేస్తారు. అవి దేవతల కోసం, చనిపోయిన పెద్దల కోసం వేసేవి కాబట్టి వాటిని చూసి దింపించకు. ఎరుపు మీద తెలుపు ఎంత నిండుగా ఉంటుందో చూపించు, చాలు. ఉత్త పిండినీళ్లు ఆరితే రాలిపోతాయి, కాస్త ఫెవికాల్ కలుపు. మడత మీద మాత్రం పూయనివ్వకు, పగులుతుంది.

లోపల పాప చెప్పింది చెప్పినట్టు రాయి. ‘మామ్మా, అరిసెలు దాచు’ అంటే అదే శుభాకాంక్ష. విసుగొస్తే అక్కడితో ఆపెయ్యి; మిగిలింది రేపు.

కవరు మీద అడ్రసు నువ్వు రాసి, శ్రీకాకుళం పిన్ 532001 పాపతో గళ్లలో వేయించు. కవరుతో కలిపి 20 గ్రాములు దాటకపోతే 5 రూపాయల స్టాంపు చాలు. భోగికి పది రోజుల ముందే డబ్బాలో వేయించు.

ఊరందరికీ పంచకు. జవాబు రాసే ఇద్దరు ముగ్గురికే పంపు. జవాబొస్తే పై ఏడు కార్డు చేద్దామని గుంటే నిన్ను అడుగుతుంది. నా జవాబు 50 పైసల పోస్టుకార్డు మీద, దాని పేరుకే వస్తుంది.

ఇట్లు
మీ పెద్దమ్మ