సారథికి విశ్రాంతి

పాఠ్యభాగ పరిచయం

ప్రక్రియ : వ్యాసం. పట్టణాలలోని అంగళ్ళకు బియ్యం, కూరగాయలు, మందులు, సిమెంటు మొదలైనవి చేరడంలో లారీ డ్రైవర్ల శ్రమ ప్రధానమైనది. ఈ వృత్తిలో కొత్తగా ప్రవేశించే యువకుడు బండి నడపడంతోపాటు బండి నిలపడం కూడ నేర్చుకోవాలి. విశ్రాంతిని గూర్చి చట్టం ఏమి చెప్పింది? రహదారిపై ఏమి జరుగుతున్నది? ఆ రెంటి నడుమ గల దూరాన్ని విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యాంశం

సరుకు రవాణా మానవ నాగరికత అంత ప్రాచీనమైనది. దక్కను పీఠభూమిలో లంబాడీలు వందల కొలది ఎద్దులపై ఉప్పును, ధాన్యాన్ని మోయించుకొని దూరప్రాంతాలకు చేరవేసేవారు. పల్లెలలో ఎడ్లబండ్లు సంతలకు ధాన్యం తోలుకొనిపోయేవి. ఆ ప్రయాణాలలో ఒక సహజమైన నియమం ఉండేది. ఎద్దు అలసినచోట మనిషి ఆగేవాడు. దానికి మేత వేసి, నీరు పెట్టి, తానూ చెట్టునీడన నడుము వాల్చేవాడు. రాత్రివేళ బండివాడు కునుకు తీసినా తెలిసిన దారిలో ఎడ్లు బండిని ఇల్లు చేర్చేవి.

యంత్రం వచ్చిన తరువాత ఈ నియమం తారుమారయింది. ఇంజనుకు అలసట లేదు. ఇంధనం ఉన్నంతసేపు రాత్రింబవళ్ళు నడుస్తుంది. కాని దానికి దారి తెలియదు. సారథి కన్ను మూతపడిన క్షణంలో అది ఎటు పోతున్నదో చెప్పగలవారు లేరు. యంత్రానికి విశ్రాంతి అవసరం లేదు కనుక మనిషికీ లేదని భావించడమే నేటి రహదారులపై జరుగుతున్న పెద్ద పొరపాటు.

నిద్రలేమి మనిషిని ఏమి చేస్తుందో శాస్త్రజ్ఞులు పరిశీలించారు. ఏకధాటిగా పదిహేడు గంటలు మేలుకొని ఉన్నవాని చురుకుదనం, 100 మిల్లీలీటర్ల రక్తంలో 50 మిల్లీగ్రాముల మద్యం ఉన్నవాని చురుకుదనంతో సమానంగా తగ్గిపోతుందని తేలింది. మన దేశంలో వాహనం నడిపేవారికి చట్టం విధించిన పరిమితి 30 మిల్లీగ్రాములు మాత్రమే. అనగా చుక్క మద్యం ముట్టని డ్రైవరు సైతం, నిద్ర లేకపోవడం వలన, తాగి నడిపేవానితో సమానుడవుతున్నాడు. తాగినవానిని పట్టుకొనే పరికరం పోలీసుల చేతిలో ఉన్నది. నిద్రలేనివానిని పట్టిచ్చేవి అతని ఎర్రబడిన కన్నులు మాత్రమే.

అలసినవానికి వచ్చే కునుకు కొన్ని సెకన్లు మాత్రమే ఉంటుంది. తాను నిద్రపోయిన సంగతి అతనికే తెలియదు. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే లారీ సెకనుకు దాదాపు 17 మీటర్లు కదులుతుంది. నాలుగు సెకన్ల కునుకులో అది 65 మీటర్లకు పైగా సారథి లేకుండా ప్రయాణిస్తుంది. ఆ దూరంలో రోడ్డు పక్కన ఆగిన ట్రాక్టరు ఉండవచ్చు, పనికి పోతున్న కూలీలు ఉండవచ్చు. శరీర ధర్మాన్ననుసరించి అర్ధరాత్రి దాటినది మొదలు సూర్యోదయం వరకు, మరల మధ్యాహ్న భోజనానంతరం నిద్ర బలంగా వస్తుంది. ఆ వేళలలో ఎంతటి అనుభవజ్ఞుడైనా జాగ్రత్త పడవలసిందే. ఆకలి రుచి ఎరుగదు, నిద్ర సుఖమెరుగదని పెద్దలన్నారు. స్టీరింగు పట్టుకొన్నవానికి వచ్చే నిద్ర ప్రాణాపాయాన్ని కూడ ఎరుగదు.

ఇందువలననే మన పార్లమెంటు 1961లో మోటారు రవాణా కార్మికుల చట్టాన్ని చేసింది. ఐదుగురు లేక అంతకు మించిన కార్మికులున్న రవాణా సంస్థలకు అది వర్తించేది. వయోజనుడైన కార్మికునిచే రోజుకు ఎనిమిది గంటలకు, వారానికి నలభై ఎనిమిది గంటలకు మించి పని చేయించరాదని ఆ చట్టం నిర్దేశించింది. దూరప్రాంత మార్గాలలో అధికారుల ఆమోదంతో రోజుకు పది గంటలు, వారానికి యాభైనాలుగు గంటల వరకు సడలింపు ఇచ్చింది. ఐదు గంటల పనికి మించకుండా కనీసం అరగంట విరామం ఇవ్వాలన్నది. ఒకనాటి పని ముగింపునకు, మరునాటి పని ఆరంభానికి నడుమ ఎడతెగని తొమ్మిది గంటల విశ్రాంతి ఉండాలన్నది. వారానికొక సెలవుదినం, అదనపు పనికి రెట్టింపు వేతనం కూడ అందులో ఉన్నవి. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 91వ సెక్షను రవాణా వాహనం నడిపేవారి పనిగంటలను ఈ చట్టంతోనే ముడిపెట్టింది.

పని అంటే స్టీరింగు పట్టుకొన్న సమయం మాత్రమే కాదని కూడ ఆ చట్టం స్పష్టం చేసింది. లెక్కలు అప్పగించడం, సరుకు ఎక్కించడం, దించడం వంటి అనుబంధ పనులను సైతం పనిగంటలలో చేర్చింది. అయితే చివరి మజిలీలో ఊరకే వేచి ఉండే సమయం పదిహేను నిమిషాల లోపు ఉన్నప్పుడే లెక్కకు వచ్చేది. లారీ డ్రైవరు జీవితంలో పదిహేను నిమిషాలతో ముగిసే నిరీక్షణ అరుదు.

కార్మిక చట్టాలను నాలుగు స్మృతులుగా కూర్చినప్పుడు 1961 చట్టం 2020 నాటి వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల స్మృతిలో కలిసిపోయింది. ఆ స్మృతి 2025 నవంబరు 21న అమలులోకి వచ్చింది. రోజుకు ఎనిమిది గంటల పని, వారానికొక విశ్రాంతి దినం, అదనపు పనికి రెట్టింపు వేతనం అనే మూల సూత్రాలు అందులోనూ నిలిచి ఉన్నవి.

ఇతర దేశాల నియమాలను కూడ ఒకసారి చూద్దాం. ఐరోపా సమాజంలో నాలుగున్నర గంటలు నడిపిన డ్రైవరు నలభై ఐదు నిమిషాలు ఆగి తీరాలి. అమెరికాలో ఎడతెగని పది గంటల విశ్రాంతి తరువాతనే మరల గరిష్ఠంగా పదకొండు గంటలు నడపడానికి అనుమతి ఉన్నది. ఐరోపాలో టాకోగ్రాఫు అనే పరికరం, అమెరికాలో 2017 డిసెంబరు నుండి ఎలక్ట్రానిక్ నమోదు పరికరం ఈ గంటలను బండిలోనే లెక్కిస్తున్నవి. నియమం కాగితంపై ఉంటే చాలదు, దానిని లెక్కించే సాధనం కూడ ఉండాలని ఆ దేశాల అనుభవం బోధిస్తున్నది.

ఇక మన రహదారులపై వాస్తవ స్థితిని గమనిద్దాం. కొల్లేటి సీమలోని కైకలూరు, ఆకివీడు ప్రాంతాల నుండి చేపలను మంచుతో పెట్టెలలో నింపి లారీలపై హౌరాకు పంపుతారు. పదహారవ నంబరు జాతీయ రహదారి వెంట రాజమండ్రి, విశాఖపట్నం, శ్రీకాకుళం, ఇచ్ఛాపురం దాటి, ఒడిశా మీదుగా పోయే ఈ దారి వెయ్యి కిలోమీటర్లకు పైబడినది. సగటున గంటకు 45 కిలోమీటర్లు నడిచినా ఇరవై రెండు గంటలకు పైగా స్టీరింగు పట్టుకోవాలి. రోజుకు పది గంటల లెక్కన ఒకే డ్రైవరు మూడవ రోజున గాని గమ్యం చేరలేడు. మంచు మాత్రం మూడవ రోజు దాకా ఆగదు. ఇద్దరు డ్రైవర్లు ఉంటే ఒకరు నడుపుతుండగా మరొకరు నిద్రించవచ్చు. రెండవ డ్రైవరు జీతం మిగుల్చుకొందామనుకొన్నచోట ఆ ఖర్చును మొదటివాని నిద్ర భరిస్తుంది.

అన్ని సరుకులకు ఇంతటి తొందర లేదు. సరుకు వెంట ఉండే ఈ-వే బిల్లు 2021 జనవరి నుండి 200 కిలోమీటర్లకు ఒక రోజు చొప్పున గడువు ఇస్తున్నది. 2017లో జి.ఎస్.టి. రాకతో రాష్ట్ర సరిహద్దులలోని వాణిజ్యపన్ను చెక్‌పోస్టులు తొలగినవి. 2021 ఫిబ్రవరి నుండి ఫాస్టాగ్ తప్పనిసరి కావడంతో టోల్ గేట్ల వద్ద వరుసలు తగ్గినవి. అయినను ఇట్లు మిగిలిన సమయం నిద్రగా మారలేదు. అధిక భాగం మరొక ట్రిప్పుగా మారింది.

దీనికి కారణం వేతన విధానంలో ఉన్నది. చాలమంది డ్రైవర్లకు ట్రిప్పు లెక్కన డబ్బు, దారి ఖర్చులకు బత్తా ఇస్తారు. చక్రం తిరిగితే ఆదాయం, ఆగితే లేదు. సరుకు ఎక్కించడానికి గోదాము ముందు ఆరు గంటలు ఆగినా, నగరంలో పగటిపూట భారీ వాహనాలకు ప్రవేశం లేక పొలిమేరలో సాయంకాలం దాకా నిలిచినా ఆ నిరీక్షణకు వెల లేదు. ఆ గంటలు నిద్రకూ ఉపయోగపడవు. ముందున్న బండి కదిలితే తానూ కదలాలి, పట్టా, తాళ్ళు, డీజిలు దొంగల పాలు కాకుండా చూచుకోవాలి. తీరా బండి నిండేసరికి రాత్రి అవుతుంది. రోజంతా మేలుకొన్న మనిషి అసలు పని అప్పుడు మొదలవుతుంది.

మన దేశంలో ఒకటి రెండు లారీలున్న చిన్న యజమానులే అధికం. వారిలో అనేకులు ఒకప్పుడు డ్రైవర్లే. లారీ వాయిదాలు, టైర్లు, ఇన్సూరెన్సు, పర్మిట్ల భారం వారిని తొందరపెడుతుంది. వారు డ్రైవరును తొందరపెడతారు. ఇందులో ఎవరినో ఒకరిని దుష్టునిగా చూపి ఊరుకోవడం సులభం. కాని కిరాయి నిర్ణయించేటప్పుడే విశ్రాంతి గంటలను లెక్కలో చేర్చనంత కాలం ఈ గొలుసు తెగదు.

కొన్ని మేలైన మార్పులు లేకపోలేదు. 2025 అక్టోబరు 1 నుండి తయారయ్యే మధ్యతరహా, భారీ లారీల క్యాబిన్లకు ఎయిర్ కండిషనింగు తప్పనిసరి అయింది. వేసవిలో ఇంజను వేడిమి, ఎండ వేడిమి కలిసి సారథిని కుంగదీసే తీరు తెలిసినవారికి దీని విలువ తెలుస్తుంది. చమురు సంస్థలు కొన్ని పెట్రోలు బంకులలో 'అప్నా ఘర్' పేరుతో డ్రైవర్లకు పడకలు, స్నానశాలలు ఏర్పాటు చేసినవి. ఇవి ఇంకా ఎన్నో చోట్లకు విస్తరించవలసి ఉన్నది.

రవాణా వాహనం నడపడానికి ఇరవై ఏళ్ళు నిండి, అంతకు ముందు కనీసం ఒక ఏడాది తేలికపాటి వాహనపు లైసెన్సు ఉండాలి. ఆ వయసులో బలం ఉంటుంది, "నాకేమీ కాదు" అనే ధీమా కూడ ఉంటుంది. అందుచేత కొత్త డ్రైవరు కొన్ని అలవాట్లను తొలినాటి నుండే చేసుకోవాలి. బయలుదేరడానికి ముందు నిద్రపోవాలి, దారిలో చూచుకొందామనుకోరాదు. నిరీక్షణ తప్పనప్పుడు క్లీనరుతో వంతులు వేసుకొని కునుకు తీయాలి. మాటిమాటికి ఆవులింతలు రావడం, దాటివచ్చిన ఊరు గుర్తు లేకపోవడం, బండి తెల్లగీత దాటడం అనేవి శరీరం చేసే హెచ్చరికలు. టీ తాగడం, ముఖం కడగడం నిద్రను కొంతసేపు వాయిదా వేస్తాయే గాని తీర్చవు. అటువంటి వేళ ఇరవై నిమిషాల కునుకు మేలు. గాఢనిద్ర అంతకన్న మేలు. నిద్ర రాకుండా మాత్రలు మింగడం మరింత అపాయకరం. ఆపేటప్పుడు బండిని రోడ్డు అంచున నిలపరాదు. బంకులోనో, లారీలు నిలిపే స్థలంలోనో నిలపాలి. బండి చెడిపోయి దారిలోనే ఆగవలసివస్తే లైట్లు వేసి, వెనుక ప్రతిఫలించే త్రికోణాన్ని ఉంచాలి. చీకటిలో నిలిచిన లారీ వెనుకనుండి వచ్చేవారికి మృత్యుద్వారం.

అన్నింటికంటె కష్టమైన అలవాటు మరొకటి ఉన్నది. అది యజమానికి నిజం చెప్పడం. అర్ధరాత్రి ఫోను మ్రోగుతుంది. "ఎక్కడున్నావురా? తెల్లారేసరికి చేరతావా?" అని అడుగుతారు. "చేరతానండీ" అనడం సులువు. "లేదండీ, కళ్ళు మూతలు పడుతున్నాయి. ఇచ్ఛాపురం దగ్గర బంకులో బండి పెట్టాను. నాలుగింటిదాకా పడుకొని బయలుదేరతాను. పార్టీకి మీరు చెప్పండి" అనడానికి ధైర్యం కావాలి. ఈ మాటకు మొదట కోపం రావచ్చు, ఒక ట్రిప్పు పోవచ్చు. కాని ఎక్కడున్నాడో, ఎప్పుడు బయలుదేరుతాడో స్పష్టంగా చెప్పే డ్రైవరుపై యజమానికి నమ్మకం కుదురుతుంది. బండి బోల్తాపడితే సరుకు, లారీ, ప్రాణం మూడూ పోతాయని ఇద్దరికీ తెలుసు.

డ్రైవరుకు మాత్రమే నీతులు చెప్పి సమాజం తప్పుకోరాదు. సరుకు పంపేవారు గోదాము వద్ద వేళకు లోడు చేయాలి. నిరీక్షణకు వెల కట్టాలి. ప్రభుత్వం పనిగంటల నమోదును, విశ్రాంతి స్థలాలను పెంచాలి. రేపు మీలో కొందరు వ్యాపారులు, అధికారులు, ఇంజనీర్లు కావచ్చు. లారీ ఎప్పుడు చేరుతుందని అడిగేటప్పుడు, దానిని నడిపేవాడు ఎప్పుడు నిద్రపోయాడని కూడ అడగడం నేర్చుకోండి. ఆ ఒక్క ప్రశ్న ఎక్కడో ఒక ఇంట భార్యాబిడ్డల నిరీక్షణను సఫలం చేయగలదు.

కఠిన పదాలకు అర్థాలు

సారథి = రథం నడిపేవాడు; ఇక్కడ డ్రైవరు
ఏకధాటిగా = ఆగకుండా
వయోజనుడు = యుక్తవయసు వచ్చినవాడు
స్మృతి = ధర్మశాస్త్రం; ఇక్కడ చట్టాల సంపుటి
మజిలీ = ప్రయాణంలో దిగే చోటు
బత్తా = దారి ఖర్చులకు ఇచ్చే సొమ్ము

వ్యాసరూప సమాధాన ప్రశ్నలు

1. 1961 చట్టం నిర్దేశించిన విశ్రాంతి నియమాలను వివరించి, వాటి ఆచరణలోని ఇబ్బందులను చర్చించండి.
2. కొత్త డ్రైవరు అలవరచుకోవలసిన పద్ధతులను పాఠం ఆధారంగా రాయండి.

సంగ్రహ సమాధాన ప్రశ్నలు

1. ఎడ్లబండి ప్రయాణానికి, లారీ ప్రయాణానికి గల భేదమేమి?
2. నిద్రలేమిని మద్యం మత్తుతో ఎందుకు పోల్చారు?
3. చేపల లారీకి ఇద్దరు డ్రైవర్లు ఎందుకు అవసరం?

ఏకవాక్య సమాధాన ప్రశ్నలు

1. ఈ-వే బిల్లు 200 కిలోమీటర్లకు ఎంత గడువు ఇస్తుంది?
2. ఐరోపాలో పనిగంటలను లెక్కించే పరికరం పేరేమి?

సంధులు

సూర్యోదయం = సూర్య + ఉదయం : గుణసంధి
ప్రాణాపాయం = ప్రాణ + అపాయం : సవర్ణదీర్ఘ సంధి
మేలైన = మేలు + ఐన : ఉత్వసంధి

సమాసాలు

భార్యాబిడ్డలు = భార్యయు, బిడ్డలును : ద్వంద్వ సమాసం
గాఢనిద్ర = గాఢమైన నిద్ర : విశేషణ పూర్వపద కర్మధారయం
నిద్రలేమి = నిద్ర యొక్క లేమి : షష్ఠీ తత్పురుష