పేనుకొరుకుడు, తలతామర, బట్టతల: వెండ్రుకలు రాలుటలో భేదములు

తలవెండ్రుకలను గూర్చి పంచాయతీ సభ్యులకు వ్రాయుట కొందరికి వింతగా తోచవచ్చును. రోడ్లు, మంచినీరు, వీధిదీపములు ఉండగా జుట్టు మాట యెందుకని అడుగవచ్చును. అయితే తలపై రూపాయబిళ్ళంత బోడిమచ్చ ఏర్పడిన పిల్లను బడికి రానీయవద్దని తోటి పిల్లల తల్లిదండ్రులు పట్టుబట్టినప్పుడు ఆ తగవు మీ యొద్దకే వచ్చును. సంబంధము కుదిరిన పడుచునకు అట్టి మచ్చ కనబడి పెండ్లి ఆగిపోయినప్పుడు పెద్దమనుష్యులుగా కూర్చుండువారును మీరే. ఆ మచ్చ అంటునదా, అంటనిదా అను ఒక్క సంగతి తెలియకున్నచో మీ తీర్పు వలన ఒక పిల్ల చదువో, ఒక యింటి మర్యాదయో చెడిపోవును. కావున ఈ విషయమును కొంత వివరముగా వ్రాయుచున్నాము.

మనిషి తలపై సుమారు లక్ష వెండ్రుకలుండును. ఒక్కొక్క వెండ్రుక చర్మములోని కుదురునుండి మొలచి, రెండు మొదలు ఆరు సంవత్సరముల వరకు నెలకు సుమారు ఒక సెంటీమీటరు చొప్పున పెరిగి, తరువాత మూడు నెలలు ఎదుగుబొదుగు లేక ఉండి రాలిపోవును. ఆ కుదురునుండియే మరియొకటి మొలచును. మిరపచేనిలో కాయలు విడతలు విడతలుగా పండినట్లు వెండ్రుకలును విడతలుగా రాలును. అన్నియు ఒక్కమారు కోతకు రావు. రోజునకు 50 మొదలు 100 వరకు రాలుట సహజమే. కనుక మొదట తెలిసికొనవలసినది కుదురు బ్రతికియున్నదా, చచ్చినదా అనునదే. తిరుమల కల్యాణకట్టలో తలనీలాలు సమర్పించినవారికి జుట్టు మరల వచ్చుటకు కారణము కుదుళ్ళు చెక్కుచెదరకుండుటయే. గుండు చేయించినచో జుట్టు ఒత్తుగా వచ్చునను నమ్మకము మాత్రము నిజము కాదు. కత్తి చర్మముపైని భాగమునే తీయును గాని కుదురును తాకదు. గుండు మ్రొక్కునకు మంచిదే, వైద్యమునకు పనికిరాదు.

ఒక్కొక్కప్పుడు వేలకొలది కుదుళ్ళు ఒకేసారి ఎదుగుదల మానును. టైఫాయిడు, డెంగ్యూ వంటి పెద్ద జ్వరములు, కాన్పు, శస్త్రచికిత్స, తిండి చాలక చిక్కిపోవుట ఇందులకు కారణములు. కాని వెండ్రుకలు వెంటనే రాలవు. రెండు మూడు నెలలు గడచిన పిమ్మట దువ్వెన నిండుగ ఊడివచ్చును. అందువలన అసలు కారణము ఎవరికిని స్ఫురింపదు. ఆశ్వయుజములో జ్వరపడిన స్త్రీకి పుష్యమాసములో జుట్టు రాలును. అప్పటికి మిరపకోతలు మొదలై, ఆమె తలకు గుడ్డ చుట్టుకొని చేనిలో ఉండును గనుక నింద మిరపఘాటుపై పడును. 2020, 2021 సంవత్సరములలో కోవిడ్ సోకి కోలుకొన్నవారిలో అనేకులకు ఇట్లే జరిగినది. ఈ రకమునకు కావలసినది మంచి ఆహారము, కొంత ఓపిక. సాధారణముగా ఆరు నెలలలో ఇది సర్దుకొనును. మన ప్రాంతమున బాలింతకు పథ్యము పేరిట కారప్పొడి అన్నముతో సరిపెట్టు ఇండ్లు ఇంకను ఉన్నవి. బిడ్డకు పాలిచ్చు తల్లికి పప్పు, గ్రుడ్డు, ఆకుకూర, పాలు తగ్గించుట జుట్టునకే గాక ప్రాణమునకును చేటు.

పత్తికి కొట్టు పురుగుమందు వలన జుట్టు ఊడుచున్నదను మాటయు వినుచున్నాము. ఆ మందులు ఒంటికి పట్టినప్పుడు మొదట కనబడునవి వాంతులు, పట్టరాని చెమట, నోట చొంగ, చూపు మసకబారుట, ఊపిరాడకపోవుట. ఇవి కనబడినచో జుట్టు మాట విడిచి మనిషిని తక్షణమే ఆసుపత్రికి చేర్చవలెను. ఆ గండము గడచిన కొన్ని నెలలకు వెండ్రుకలు రాలిన రాలవచ్చును, పెద్ద జ్వరము తరువాత రాలినట్లే. ఇక బోరునీటి సంగతి. ఉప్పునీటితో తలంటుకొన్న వెండ్రుక బిరుసెక్కి నడుమ తెగును గాని కుదురు చావదు. కనిగిరి, పొదిలి వైపు నీటిలోని ఫ్లోరైడు పండ్లను, ఎముకలను చెరచునని అందరెరిగినదే. ఆ నీటిని మార్చుటకు ఆ కారణమే చాలును, బట్టతలను జతచేయ నక్కరలేదు.

రక్తహీనత మాత్రము తేలికగా విడువదగినది కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము ఆంధ్రప్రదేశ్‌లో 15 మొదలు 49 సంవత్సరముల వయస్సుగల స్త్రీలలో నూటికి సుమారు 59 మందికి రక్తము తక్కువ. ఆయాసము, కన్ను పాలిపోవుట, వానితోపాటు తల అంతటను జుట్టు పలుచబడుట ఉన్నచో నూనె మార్చుటకు ముందు రక్తపరీక్ష చేయించవలెను. థైరాయిడు గ్రంథి దోషము వలనను ఇట్లే పలుచబడును. గర్భిణులకు ఎఱ్ఱనివి, బడిలోని చిన్నపిల్లలకు గులాబిరంగువి, పెద్దపిల్లలకు నీలిరంగువి ఇనుపధాతు మాత్రలు ఉచితముగా ఇచ్చు ఏర్పాటున్నది. కాని మలము నల్లబడినదని భయపడి వానిని పారవేయువారు కలరు. ఆ నలుపు మాత్ర వలన వచ్చినదే, హాని లేదు. టీతోపాటు మ్రింగినచో మాత్ర సరిగా ఒంటబట్టదు. ఈ రెండు మాటలు గ్రామసభలో చెప్పించినను మేలే.

పేనుకొరుకుడు అను పేరే మనలను దారి తప్పించును. ఇందు పేనునకు ఏ సంబంధమును లేదు. శరీరమును కాపాడవలసిన రక్షక కణములే పొరబడి కుదుళ్ళపై దాడిచేయుట వలన ఇది కలుగును. మచ్చ గుండ్రముగా, నున్నగా, పొట్టు లేక, నొప్పి లేక ఉండును. గడ్డములోను, కనుబొమలలోను రావచ్చును. ఇది అంటువ్యాధి కాదు. అట్టి పిల్ల ప్రక్కన కూర్చున్నను, ఆమె దువ్వెన వాడినను మరొకరికి రాదు. ఆమెను బడి మాన్పించుటకు గాని, వేరుగా కూర్చుండబెట్టుటకు గాని ఏ కారణమును లేదు. కుదురు చావదు గనుక చిన్న మచ్చలు గలవారిలో చాలమందికి ఒక సంవత్సరము లోపల తమంతట తామే వెండ్రుకలు మొలచును. తొలుత తెల్లగా మొలచి పిదప నల్లబడుటయు కద్దు.

నాటుమందులకు పేరు వచ్చుటకు ఈ సహజగుణమే కారణమని మా అభిప్రాయము. గురివింద గింజ నూరి పూయుట, జిల్లేడు పాలు రాయుట మన పల్లెలలో వాడుక. గురివింద గింజలోని విషము ప్రాణాంతకము. నూరిన పొత్రము పిల్లల చేతికందినను ముప్పే. జిల్లేడు పాలు కంటబడినచో కన్ను దెబ్బతినును. చర్మము కాలి మచ్చ కట్టినచో, తనంతట మొలవవలసిన వెండ్రుక శాశ్వతముగా పోవును. వైద్యులు స్టీరాయిడు పూతమందు ఇత్తురు, లేదా నాలుగు మొదలు ఆరు వారములకొకమారు మచ్చలోనికి సన్నని సూదితో మందు ఎక్కింతురు. తల అంతయు బోడియైన వారికి బారిసిటినిబ్ అను మాత్రను 2022లో అమెరికా ఔషధ సంస్థ అనుమతించినది. అది రక్తపరీక్షలు చేయుచు నిపుణులు మాత్రమే ఇవ్వదగిన మందు. గుంటూరు, ఒంగోలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రులలోను, మంగళగిరి ఎయిమ్స్‌లోను చర్మవ్యాధి నిపుణులు కలరు.

తలతామర దీనికి కేవలము భిన్నము. ఇది బూజుజాతి క్రిమి వలన, ముఖ్యముగా పిల్లలకు వచ్చును. మచ్చపై పొట్టు లేచును, దురద ఉండును, వెండ్రుకలు మొదలంట తెగి నల్లచుక్కలవలె కనబడును. కొన్నిట చీముపట్టి మెత్తని గడ్డ లేచును. దానిని సెగ్గడ్డ యనుకొని కోయించరాదు. దువ్వెన, తువ్వాలు, టోపీ, దిండు, క్షౌరపు కత్తి వీని ద్వారా ఇది ఒకరినుండి మరొకరికి అంటును. క్రిమి వెండ్రుక లోపల ఉండును గనుక పైపూత చాలదు. గ్రైసియోఫుల్విన్ మాత్రలు ఆరు మొదలు ఎనిమిది వారములు గాని, టెర్బినాఫిన్ గాని వైద్యుడు చెప్పినట్లు మ్రింగవలెను. మందుల దుకాణములో అడిగి తెచ్చుకొను స్టీరాయిడు కలిసిన ట్యూబులు దురదను అణచి తామరను పెంచును. మందు మొదలుపెట్టిన పిల్లవాడు బడికి రావచ్చును. దువ్వెన, తువ్వాలు వేరుగా ఉన్న చాలును.

ఇందు మన ప్రాంతమునకు ప్రత్యేకమైన చిక్కు ఒకటున్నది. మిరప, పత్తి తీతలకు కర్నూలు వైపునుండి కుటుంబములు వలసవచ్చి చేలగట్లపై గుడారములలో ఉందురు. వారి పిల్లల పేర్లు ఊరి బడి పట్టికలో ఉండవు. ఆశా కార్యకర్త లెక్కలోను తరచు ఉండవు. ఒకే దువ్వెన, ఒకే దుప్పటి. అక్కడ తలతామర పుట్టినచో ఊరి పిల్లలకు రాకమానదు. సర్పంచి అధ్యక్షతనుండు గ్రామ ఆరోగ్య పారిశుద్ధ్య పోషకాహార కమిటీ కోతల మొదటి వారములోనే ఆ గుడారములకు ఏ.ఎన్.ఎం.ను పంపవలెను. మందు పూర్తికాకమునుపే వారు తిరిగిపోవుదురు గనుక మిగిలిన మాత్రలును, చీటియు తల్లి చేతికి ఇప్పించవలెను. క్షౌరశాలలవారు మనిషికొక కొత్త బ్లేడు వాడి, దువ్వెనలు, కత్తెరలు కడిగి క్రిమినాశక ద్రావకములో ఉంచుట ఊరందరికి మేలు. వారిని దండించుట కంటె పంచాయతీయే ఆ ద్రావకము సీసా ఒకటి ఇప్పించుట త్వరగా ఫలించును.

వంశానుగతముగా వచ్చు బట్టతలను గూర్చి ఎక్కువ చెప్పనక్కరలేదు. అది రోగమని చెప్పుటకును వీలులేదు. మినాక్సిడిల్ పూతమందు కొందరికి పనిచేయును గాని మానినచో వచ్చిన జుట్టు మరల పోవును. ఫినాస్టిరైడ్ మాత్రలు పురుషులకే, అదియు వైద్యుని సలహాపైననే. గర్భిణులు పగిలిన మాత్రను ముట్టరాదు. బట్టతలను మాన్పుదునని ఏ ఔషధమును చెప్పుకొనరాదని 1945 నాటి ఔషధ నియమావళి నిషేధించుచున్నది. జె షెడ్యూలులో బట్టతల పేరున్నది. సంతలో మైకు పెట్టి నెల దినములలో జుట్టు మొలచునని నూనె అమ్మువానిని ఔషధ తనిఖీ అధికారికి తెలుపవచ్చును.

త్వరపడవలసినవి రెండు కలవు. మచ్చలోని చర్మము మెరసి, గట్టిపడి, రంధ్రములు పూడి కనబడినచో కుదుళ్ళు చచ్చుచున్నవి. ఆలస్యమైనకొలది పోయినది తిరిగి రాదు. కనుబొమల చివరలు ఊడి, ఒంటిపై స్పర్శలేని పాలిపోయిన మచ్చలున్నచో కుష్ఠువేమో పరీక్షింపవలెను. దానికి మందు ప్రభుత్వము ఉచితముగా ఇచ్చును, పూర్తిగా నయమగును.

ఇక ఒకే ఊరిలో అనేకులకు ఒక్కసారిగా జుట్టు ఊడినచో అది పంచాయతీ పనియే. 2024 డిసెంబరు, 2025 జనవరి నెలలలో మహారాష్ట్రలోని బుల్ఢాణా జిల్లా, షేగావ్ తాలూకా గ్రామములలో ఆడ, మగ, పిల్ల లనక కొలది దినములలోనే తలలు బోడియైనవి. మొదట నీటిని, బూజుక్రిమిని శంకించిరి. భారత వైద్య పరిశోధనా మండలి బృందము వచ్చి పరీక్షలు జరిపినది. తేలుకాటు చికిత్సలో ప్రసిద్ధులైన డాక్టరు హిమ్మత్‌రావు బావస్కర్ రోగుల రక్తములోను, వెండ్రుకలలోను సెలీనియము మిక్కుటముగా ఉన్నదనియు, అది చౌకడిపో గోధుమల ద్వారా వచ్చినదనియు తమ పరిశీలనలో చెప్పిరి. మన ఊరిలో అట్టిది తలయెత్తినచో ఎవరికి ఏ తేదీన మొదలైనది, ఏ యే ఇండ్లు, ఏ బోరు నీరు త్రాగిరి, ఏ నెల బియ్యము, గోధుమలు తినిరి అను వివరములు ఆ దినముననే వ్రాసికొని ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు వైద్యాధికారికి పంపవలెను. ఆ ఇండ్లలో మిగిలిన ధాన్యము గుప్పెడు చొప్పున వేరువేరు సంచులలో కట్టి, పేరు, తేదీ వ్రాసి, అధికారులు వచ్చువరకు పంచాయతీ కార్యాలయములో దాచి ఉంచవలెను.